ఆగిపోయిన రెయిడ్ ముందు

పెళ్లిళ్లకు ఫొటోలు, వీడియోలు తీసే ఒక స్టూడియో ఉందనుకుందాం. మూల బల్ల మీద చిన్న పెట్టె, అందులో 4 టెరాబైట్ల హార్డ్ డిస్కులు నాలుగు, లోపల నడిచేది లినక్స్. నాలుగింటినీ రెయిడ్ 5 పద్ధతిలో కలిపి కట్టారు కాబట్టి బయటికి 12 టెరాబైట్ల ఒకే డిస్కులా కనిపిస్తుంది. ఒక డిస్కు పోయినా పని నడుస్తుందని అమ్మినవాళ్లు చెప్పారు. నిజమే చెప్పారు. మార్చిలో ఒకటి పోయింది, పని నడిచింది. నడిచింది కాబట్టే ఎవరికీ తెలియలేదు. ఆగస్టులో ఒక రాత్రి ఇంకొకటి పోయింది. పొద్దున్నే కంప్యూటర్ తెరిస్తే ఫోల్డర్లు లేవు.

నన్నడిగితే, ఇలాంటి చోట డేటా ఆ రాత్రి పోదు. మర్నాడు పోతుంది, బాగుచేద్దామని కూర్చున్న మనిషి చేతుల్లో. రెండో డిస్కు జారిపోగానే లినక్స్ కెర్నెల్ ఇక రాయడం మానేస్తుంది. అప్పటిదాకా పళ్లేల మీద రాసి ఉన్న బిట్లు ఎక్కడివక్కడే ఉంటాయి. వాటిని తుడిచే పని ఎవరైనా పూనుకుని చెయ్యాలి. దురదృష్టం ఏమిటంటే, కంగారులో చేతికి మొదట తగిలే కమాండ్లలో సగం ఆ పని చేసేవే.

అసలు డిస్కు "పోయింది" అని కెర్నెల్ అన్నప్పుడు దాని అర్థం డిస్కు చచ్చిందని కాదు, అడిగినదానికి గడువులోగా జవాబు రాలేదని. సాధారణ డెస్క్‌టాప్ డిస్కు ఒక సెక్టారు సరిగ్గా చదవలేకపోతే మొండిగా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఆ ప్రయత్నం నిమిషం దాటవచ్చు, రెండు నిమిషాలూ దాటవచ్చు. కెర్నెల్ మామూలుగా ఎదురుచూసేది 30 సెకన్లు. ఆ తర్వాత డిస్కును రీసెట్ చెయ్యబోతుంది, డిస్కేమో ఇంకా తన పాత సెక్టారు దగ్గరే తంటాలు పడుతుంటుంది, పలకదు. రెయిడ్ పొర దాన్ని బయటికి తోసేస్తుంది. ఒక్క చెడ్డ సెక్టారు కోసం 4 టెరాబైట్లకు మరణ ధ్రువీకరణ! రెయిడ్ పెట్టెల కోసమని అమ్మే డిస్కులు సాధారణంగా 7 సెకన్లకే "చదవలేను" అని ఒప్పుకునేలా అమర్చి వస్తాయి. అలా ఒప్పుకుంటే చాలు, మిగతా డిస్కుల నుంచి ఆ ముక్కను లెక్కగట్టి, అదే చోట తిరిగి రాయించి, రెయిడ్ తన దారిన తాను పోతుంది. ఇక వదులైన సాటా కేబుల్, అలిసిపోయిన పవర్ సప్లై లాంటివి సరేసరి. ఒకే పవర్ తీగ మీదున్న రెండు డిస్కులు ఒకే సెకనులో మాయమైతే రెండింటిలో ఏదీ చెడలేదనే ముందుగా అనుమానించాలి. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ పట్టికలో 197వ వరస చదవలేక పెండింగ్‌లో ఉన్న సెక్టార్లను చెబుతుంది. 199వ వరస పెరుగుతుంటే నేరం ఎక్కువసార్లు కేబుల్‌ది.

కాబట్టి ఆ పొద్దున చెయ్యాల్సిన మొదటి పని, ఏమీ చెయ్యకపోవడం. డిస్కులు తీసి విండోస్ కంప్యూటర్‌కు తగిలిస్తే "ఈ డిస్కును ఇనీషియలైజ్ చెయ్యాలి" అని ఒక పెట్టె మర్యాదగా అడుగుతుంది. ఓకే నొక్కితే అది డిస్కు మొదట్లోనూ చివర్లోనూ కొత్త పార్టిషన్ పట్టిక రాస్తుంది. అడిగింది కదా అని నొక్కేవాళ్లు చాలామంది.

ముక్కలు, వాటి లెక్క

రెయిడ్ 5 లోపల జరిగే గణితం ఐదో తరగతి పిల్లలకు చెప్పొచ్చు. ఫైళ్లను చంక్‌లనే ముక్కలుగా కోసి మూడు డిస్కుల మీద పక్కపక్కన పరుస్తారు. నాలుగో డిస్కు మీద ఆ మూడింటికి పారిటీ రాస్తారు. ఉదాహరణకు మూడు ముక్కల్లో 6, 11, 3 ఉన్నాయనుకోండి. బైనరీలో 0110, 1011, 0011. నిలువుగా ఒక్కో వరసలో ఎన్ని ఒకట్లున్నాయో చూడాలి. బేసి సంఖ్యలో ఉంటే 1, సరి సంఖ్యలో ఉంటే 0. వచ్చేది 1110, అంటే 14. ఇప్పుడు 11 ఉన్న డిస్కు పోయింది. మిగిలిన 6, 3, 14లతో అదే లెక్క చేస్తే 1011 వస్తుంది, అంటే 11. ఎక్స్‌ఆర్ అనే ఈ లెక్కకు ఏ డిస్కు ముందు, ఏది వెనక అన్న పట్టింపు లేదు. ఈ మాట గుర్తుంచుకోండి, కాసేపట్లో ఇదే ఒక ఉచ్చుగా మారుతుంది.

పారిటీ ఎప్పుడూ ఒకే డిస్కు మీద ఉంటే రాతల భారమంతా దాని మీదే పడుతుంది కాబట్టి వరసవరసకీ చోటు మారుస్తారు. ఇలా మార్చే పద్ధతులు ప్రధానంగా నాలుగున్నాయి. చంక్ ఎంత పెద్దదో కూడా కట్టేటప్పుడే నిర్ణయమవుతుంది: ఒకప్పుడు మామూలుగా 64 కిలోబైట్లు, ఇప్పుడు 512. డిస్కుల వరస, చంక్ సైజు, పారిటీ తిరిగే తీరు, డేటా డిస్కు మీద ఎక్కడి నుంచి మొదలవుతుంది, ఈ నాలుగూ తెలిస్తేనే ముక్కలు మళ్లీ ఫైళ్లవుతాయి. హార్డ్‌వేర్ రెయిడ్ కార్డుల్లో ఈ సమాచారం కార్డు తయారీదారు సొంత పద్ధతిలో ఉంటుంది. లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ గొప్పతనమంతా అక్కడే, ఈ వివరాలు ప్రతి డిస్కు మీదా సూపర్‌బ్లాక్ అనే చిన్న చోట, అందరికీ తెలిసిన పద్ధతిలో రాసి ఉంటాయి. పెట్టె కాలిపోయినా డిస్కులు తీసుకెళ్లి ఏ లినక్స్ కంప్యూటర్‌కు తగిలించినా గుర్తుపడుతుంది. ఇళ్లల్లో, స్టూడియోల్లో కనిపించే చాలా నాస్ పెట్టెల్లో లోపల ఉన్నది ఇదే లినక్స్ రెయిడ్, పైన కంపెనీ రంగు వేరు.

వాటిని చూడ్డానికి, కట్టడానికి, విప్పడానికి వాడే పనిముట్టు ఎండీఆడ్మ్. ఆస్ట్రేలియా ప్రోగ్రామర్ నీల్ బ్రౌన్ 2001లో మొదలుపెట్టింది. దాని ఎగ్జామిన్ కమాండ్ సూపర్‌బ్లాక్‌ను చదివి చూపిస్తుంది, రాయదు. నాలుగు డిస్కులకూ అది నడిపి, వచ్చినదంతా ఒక ఫైలులో దాచి, ఆ ఫైలును వేరే చోట పెట్టుకోవాలి. ఏ డిస్కు ఏదో సీరియల్ నంబరుతో రాసుకోవాలి. లినక్స్ ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు రీబూట్ చేస్తే మారిపోతాయి.

ఎవరి మాట తాజాది

ఎగ్జామిన్ చూపించేవాటిలో అన్నిటికంటే విలువైనది ఈవెంట్ కౌంట్ అనే అంకె. రెయిడ్ మొదలైనప్పుడు, ఆగినప్పుడు, డిస్కు జారినప్పుడు, ఇలా స్థితి మారిన ప్రతిసారీ ఒకటి పెరుగుతూ పోతుంది. బతికున్న డిస్కులన్నిటి మీదా కొత్త అంకె రాస్తారు. బయటికి పోయిన డిస్కు మీద ఎవరూ రాయరు కదా, దాని అంకె అక్కడే ఆగిపోతుంది.

మన స్టూడియో డిస్కులకు క, ఖ, గ, ఘ అని పేర్లు పెడదాం. క, ఖల మీద ఈవెంట్ కౌంట్ 48,219. గ మీద 48,215. ఘ మీద 11,302. ఈ అంకెలు నేను ఊహించినవే కానీ నిజంగా కనిపించే తీరు ఇలాగే ఉంటుంది. చూడగానే కథ తెలుస్తుంది. మార్చిలో పోయింది ఘ. ఆగస్టు రాత్రి పోయింది గ, అది మిగతావాటి కంటే నాలుగడుగులే వెనకబడింది. ఇంకో తమాషా కూడా కనబడుతుంది. ప్రతి సూపర్‌బ్లాక్ తన చివరి జ్ఞాపకంలో ఎవరెవరు హాజరో చెబుతుంది. ఘను అడిగితే నలుగురూ ఉన్నారంటుంది, తాను పోయిన సంగతి దానికి తెలియదు. గను అడిగితే ముగ్గురున్నారంటుంది. క, ఖలు ఇద్దరమే మిగిలామంటాయి. మూడు జవాబులూ నిజమే, ఏ తేదీ నాటి నిజమన్నదే తేడా. చివరిసారి రాసిన సమయం కూడా పక్కనే ఉంటుంది, దానితో సరిచూసుకోవచ్చు.

ఇలాంటప్పుడు సరైన అడుగు క, ఖ, గ మూడింటితో అసెంబుల్ చేస్తూ ఫోర్స్ అనే మాట జోడించడం. ఎండీఆడ్మ్ గ మీది అంకెను సరిచేసి, మూడు డిస్కులతో రెయిడ్‌ను లేపుతుంది. నాలుగడుగుల తేడాలో ఏవో కొద్ది రాతలు గ మీద పడకుండా పోయి ఉండొచ్చు. ఫైల్ సిస్టమ్ అలాంటి చిన్న తెగుళ్లను మామూలుగా తట్టుకుంటుంది. ఘను మాత్రం కలపకూడదు. అయిదు నెలల క్రితపు ముక్కలు ఇవాళ్టి ముక్కలతో కలిస్తే వచ్చేది ఏ కాలానికీ చెందని కలగూరగంప.

ఇక్కడ చాలామంది చేసే పని వేరు. లేచిన రెయిడ్‌ను చూసిన ఆనందంలో వెంటనే కొత్త డిస్కు తగిలించి రీబిల్డ్ మొదలుపెడతారు. అంటే క, ఖ, గలను మొదటి నుంచి చివరిదాకా, మొత్తం 12 టెరాబైట్లు చదివించడం. వాటిలో గ నిన్న రాత్రే మొరాయించిన డిస్కు. చాలా డిస్కుల వివరపత్రాల్లో 10^14 బిట్లకు ఒకటికి మించి చదవలేని చోటు రాదని ఉంటుంది, అంటే పన్నెండున్నర టెరాబైట్లకు ఒకటి. ఈ అంకె పట్టుకుని రీబిల్డ్ సగానికి పైగా సార్లు విఫలమవ్వాలని లెక్కవేసి జనాన్ని బెదరగొట్టిన వ్యాసాలు చాలా వచ్చాయి. ఆ లెక్క అతి. వివరపత్రంలోది పైహద్దు, ఆరోగ్యంగా ఉన్న డిస్కులు అంతకంటే చాలా మెరుగ్గా నడుస్తాయి. కానీ గ ఆరోగ్యంగా ఉన్న డిస్కు కాదు. దాని చేత చదివించగలిగినంతా కాపీ కోసమే చదివించాలి, రీబిల్డ్ కోసం కాదు.

క్రియేట్ అనే కమాండ్

ఫోర్స్‌తో లేవకపోతే ఇంటర్నెట్లో వెతికినవాళ్లకు దొరికే రెండో సలహా, రెయిడ్‌ను మళ్లీ క్రియేట్ చెయ్యమని. కొన్నిసార్లు అది పనిచేసిన మాట నిజం. పనిచేసినవాళ్లు గర్వంగా రాస్తారు, పనిచెయ్యనివాళ్లు ఎక్కువగా రాయరు.

క్రియేట్ మొదట చేసే పని పాత సూపర్‌బ్లాకుల మీద కొత్తవి రాయడం. ఈవెంట్ కౌంట్లు, వరస సంఖ్యలు, సమయాలు, ఇందాక మనం చదివిన కథంతా ఒక్క సెకనులో పోతుంది. కొత్త సూపర్‌బ్లాక్‌లో ఉండేది మీరు టైపు చేసినది, మీరు టైపు చెయ్యని చోట ఎండీఆడ్మ్ ఈనాటి అలవాటు. ఆ అలవాట్లు కాలంతో మారాయి. డేటా మొదలయ్యే చోటు పాత వెర్షన్లలో సాధారణంగా డిస్కు మొదటి నుంచి 1 మెగాబైటు దూరం, తర్వాతి వెర్షన్లలో పెద్ద డిస్కులకు 128 మెగాబైట్లు. 2011లో కట్టిన రెయిడ్‌ను ఈనాటి లినక్స్ మీద క్రియేట్ చేస్తే వరస సరిగ్గా ఇచ్చినా ఫైల్ సిస్టమ్ కనబడదు. అది ఉన్నచోటికి 127 మెగాబైట్లు అవతల వెతుకుతున్నాం మరి.

ఇంతకంటే పెద్ద ప్రమాదం ఆ తర్వాతిది. రెయిడ్ 5ను కొత్తగా కట్టగానే ఎండీఆడ్మ్ మామూలుగా చివరి డిస్కును ఖాళీదిగా భావించి, మిగతావాటి ఎక్స్‌ఆర్ లెక్కగట్టి దాని మీద నింపుకుంటూ పోతుంది. ఎక్స్‌ఆర్‌కు వరస పట్టదని ఇందాక చెప్పుకున్నాం. అందువల్ల నాలుగు డిస్కులూ ఒకే కాలానివైతే, వరస తప్పు ఇచ్చినా చివరి డిస్కు మీద రాసేది అప్పటికే అక్కడున్న బిట్లే! ఇలా గుడ్డి అదృష్టంతో బయటపడినవాళ్లు క్రియేట్‌ను మహా మంత్రమనుకుంటారు. అదే నలుగురిలో ఘ లాంటి పాత డిస్కు ఒకటుంటే లెక్క చెడుతుంది. మార్చి ముక్కలు, ఆగస్టు ముక్కలు కలిపి తీసిన అంకె వెళ్లి మంచి డిస్కు మీద పడుతుంది, సెకనుకు వంద మెగాబైట్ల పైచిలుకు వేగంతో. టీ తాగి వచ్చేసరికి వందల గిగాబైట్లు పోయి ఉంటాయి. రెయిడ్ 6 అయితే గుడ్డి అదృష్టం కూడా లేదు. దాని రెండో పారిటీ గాల్వా క్షేత్రాల గణితంతో కట్టింది, అందులో ప్రతి డిస్కు స్థానానికీ వేరే గుణకం ఉంటుంది కాబట్టి వరస తప్పితే అంతా తప్పే. అందుకే తప్పనిసరై క్రియేట్ వాడాల్సి వస్తే అస్యూమ్ క్లీన్ అనే మాట జోడిస్తారు, అంటే ఏదీ నింపవద్దని. దాన్ని కూడా అసలు డిస్కుల మీద వాడరు.

తప్పనిసరయ్యే సందర్భాలు నిజంగానే ఉన్నాయి. ఒకటి చెబుతాను, ఎందుకంటే డిస్కు మీద ఏది ఎక్కడుంటుందో దీనితో బాగా అర్థమవుతుంది. కొందరు డిస్కుకు పార్టిషన్ చెయ్యకుండా మొత్తం డిస్కునే రెయిడ్‌లో పెడతారు. ఆ డిస్కు అంతకుముందు ఇంకెక్కడో పార్టిషన్లతో పనిచేసి ఉంటే, ఆ పాత జీపీటీ రకం పార్టిషన్ పట్టిక నకలు డిస్కు చివర మిగిలిపోతుంది. కొన్ని మదర్‌బోర్డుల ఫర్మ్‌వేర్ బూట్ అయ్యేటప్పుడు ఆ నకలును చూసి, "అయ్యో, మొదట్లో ఉండాల్సిన పట్టిక లేదే" అని తానే రాసేస్తుంది. పట్టిక ఆక్రమించేది మొదటి 17 కిలోబైట్ల లోపు. ఈనాటి సూపర్‌బ్లాక్ ఉండేది మొదటి నుంచి 4 కిలోబైట్ల దూరాన, అంటే సరిగ్గా ఆ పట్టిక కింద. ఎవరూ ఏమీ చెయ్యకుండా ఒక్క రీబూట్‌తో నాలుగు సూపర్‌బ్లాకులూ తుడిచిపెట్టుకుపోతాయి. డేటా మాత్రం 128 మెగాబైట్ల అవతల హాయిగా ఉంటుంది. అప్పుడిక వరస, చంక్, పారిటీ తీరు ఊహించి చూడాల్సిందే. నాలుగు డిస్కులకు వరసలు 24, పారిటీ తీరులు నాలుగు, ఒక్కో చంక్ సైజుకు 96 కలయికలు. తప్పినా నష్టం లేదన్న భరోసా ఉంటే 96 పెద్ద అంకె కాదు.

రాత అడుగుకు దిగకుండా

ఆ భరోసా ఇచ్చేది లినక్స్ డివైస్ మ్యాపర్‌లోని స్నాప్‌షాట్. రెయిడ్ రక్షణ చేసేవాళ్లు దీన్ని ఓవర్‌లే అంటారు. సర్వే నక్షా మీద ట్రేసింగ్ పేపర్ పరిచి దాని మీదే గీసుకున్నట్టు, అసలు డిస్కు పైన ఒక పొర వేస్తారు. చదవమంటే కింది డిస్కు నుంచి చదువుతుంది. రాయమంటే ఆ రాత విడిగా ఒక ఫైలులోకి పోతుంది. మళ్లీ అదే చోటు చదివితే ఫైలులోని కొత్త రాత కనబడుతుంది. ఎండీఆడ్మ్‌కు తేడా తెలియదు, తాను నిజం డిస్కు మీదే రాశాననుకుంటుంది. తప్పయిందా, పొర చింపేసి కొత్తది పరవడం క్షణాల పని.

ఈ ఫైలు పైకి 4 టెరాబైట్లుగా కనిపించినా నిజంగా రాసినంత మేరకే చోటు తింటుంది. సూపర్‌బ్లాక్ రాయడం, ఫైల్ సిస్టమ్‌ను పరీక్షించడం లాంటివాటికి కొద్ది మెగాబైట్లు, మహా అయితే కొన్ని గిగాబైట్లు చాలు. పొరపాటున రీబిల్డ్ మొదలైతే మాత్రం ఆ ఫైలు ఉబ్బుకుంటూ పోయి చోటంతా నింపేస్తుంది, స్నాప్‌షాట్ చెల్లకుండా పోతుంది. అయినా ఫరవాలేదు, పోయింది పొర మాత్రమే. దీనికి తోడు అసలు డిస్కులను కెర్నెల్ స్థాయిలో రీడ్ ఓన్లీగా పెట్టేస్తారు. అప్పుడు లినక్స్ తనంతట తాను రెయిడ్‌ను గుర్తుపట్టి లేపబోయినా ఆ రాతలు కిందికి దిగవు.

అయితే కింది డిస్కు చదవడానికైనా బతికుండాలి కదా. గ లాంటి డిస్కు మీద 96 కలయికలు పరీక్షించడం దాన్ని తొందరగా చంపడమే. కాబట్టి అన్నిటికంటే ముందు, స్మార్ట్ పట్టికలో అనుమానం కనిపించిన ప్రతి డిస్కునూ కొత్త డిస్కు మీదికి కాపీ తీసుకోవాలి. ఖర్చే, కానీ ఇంతకంటే తక్కువలో అయ్యే దారి నాకు తెలియదు. దీనికి గ్నూ డీడీరెస్క్యూ వాడతారు. ఆంటోనియో డియాజ్ డియాజ్ 2004లో విడుదల చేశాడు. పాత డీడీ కమాండ్ చెడ్డ సెక్టారు తగలగానే ఆగిపోతుంది. డీడీరెస్క్యూ మొదట తేలిగ్గా చదవగలిగినదంతా కాపీ చేసుకుంటుంది, చిక్కొచ్చిన చోట మొండికెయ్యకుండా ముందుకు దూకుతుంది. ఆ తర్వాతే వెనక్కొచ్చి చిక్కు ప్రాంతాల అంచులను గోకుతుంది, చివర్లో ఒక్కొక్క సెక్టారునూ బతిమాలుతుంది. డిస్కు మధ్యలో చచ్చినా, అప్పటికి వచ్చింది ఎక్కువ భాగమై ఉంటుంది. ఏది వచ్చిందో ఏది రాలేదో మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి కరెంటు పోయినా ఆపిన చోట నుంచి మొదలుపెట్టొచ్చు. సెకనుకు 150 మెగాబైట్లు వచ్చే మంచి డిస్కు అయితే 4 టెరాబైట్లకు ఏడెనిమిది గంటలు. జబ్బు డిస్కుకు రోజులు పట్టొచ్చు. ఏది మూలం, ఏది గమ్యం అన్నది మాత్రం ఎంటర్ నొక్కే ముందు సీరియల్ నంబర్లతో ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి, తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి ఫొటోల మీద పడుతుంది.

కాపీలో ఒక మెలిక ఉంది. చదవలేకపోయిన చోట కొత్త డిస్కు మీద సున్నాలే మిగులుతాయి. పాత డిస్కు అక్కడ "చదవలేను" అని అరిచేది. కొత్త డిస్కు ఆ సున్నాలను నిజమైన డేటా అన్నట్టు నిబ్బరంగా ఇచ్చేస్తుంది. ఒక డిస్కు తక్కువతో నడుస్తున్న రెయిడ్‌కు ఆ అబద్ధం పట్టుకునే దారి లేదు. పైగా ఆ సున్నాలతో లెక్కగట్టిన ఘ ముక్క కూడా తప్పుతుంది. అందుకే మ్యాప్ ఫైలును పారెయ్యకూడదు, ఏ ఫైళ్లకు దెబ్బ తగిలిందో దాన్నిబట్టి కనుక్కోవచ్చు. ఘను కూడా పారెయ్యకూడదు. మార్చి తర్వాత ఎవరూ ముట్టుకోని ఫైళ్లు, జనవరిలో తీసిన పెళ్లి వీడియో లాంటివి, ఉన్న వరసల్లో ఘ మీది ముక్కలు ఇప్పటికీ అక్షరాలా సరైనవే. గలో చదవలేని చోటు అలాంటి వరసలో పడితే ఘ సాయంతో దాన్ని పూడ్చవచ్చు. ఓపికున్నవాళ్ల పని, కానీ కుదురుతుంది.

ఇన్ని జాగ్రత్తలూ తీసుకుని చివర్లో జారేది మౌంట్ దగ్గర. రీడ్ ఓన్లీ అని చెప్పి మౌంట్ చేశాం, రాత జరగదు అనుకుంటాం. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ అలా చెప్పినా కూడా జర్నల్‌లో మిగిలిపోయిన పనులను ముందు డిస్కు మీద పూర్తిచేస్తుంది, అంటే రాస్తుంది. వద్దనాలంటే నోలోడ్ అని విడిగా చెప్పాలి. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు నోరికవరీ. ఫైల్ సిస్టమ్‌ను సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే కమాండ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. దాని పని ఫైల్ సిస్టమ్‌ను పొందికగా చెయ్యడం, మీ ఫైళ్లను కాపాడటం కాదు. వరస తప్పిన రెయిడ్ మీద దాన్ని వదిలితే పొందిక లేనిదంతా కత్తిరించి, చిత్తుకాగితాల్లా ఒక ఫోల్డర్లో పోసి, విజయవంతంగా ముగిసిందంటుంది. ఓవర్‌లే మీదైతే అదే మంచి పరీక్ష. వేలకు వేలు సవరణలు చేస్తానంటే కలయిక తప్పని తెలిసిపోతుంది. నాలుగైదు చిల్లర సవరణలతో ఊరుకుంటే దారి సరైనదే.

అసలు పరీక్ష పెద్ద ఫైళ్లతో. ఫైల్ సిస్టమ్ మౌంట్ అయింది, ఫోల్డర్ల పేర్లు కనబడుతున్నాయి, ఒక టెక్స్ట్ ఫైలు తెరుచుకుంది అని సంబరపడితే తొందరపాటే. అవన్నీ ఒక్క చంక్‌లో పట్టేవి, మొదటి డిస్కు సరైన చోట ఉంటే చాలు కనబడతాయి. 512 కిలోబైట్ల చంక్, మూడు ముక్కల వరస, అంటే ఒకటిన్నర మెగాబైట్లకు ఒకసారి అన్ని డిస్కులూ ఒక చుట్టు తిరుగుతాయి. 8 మెగాబైట్ల ఫొటో అయితే అయిదారు చుట్లు. అలాంటి ఫొటోను తెరవాలి. పెళ్లికూతురి ముఖం దాకా బాగుండి, కింద పట్టుచీర బూడిదరంగు పట్టీలుగా చీలితే రెండు డిస్కులు తారుమారయ్యాయని అర్థం. పది పదిహేను ఫొటోలు అంచు నుంచి అంచుదాకా శుభ్రంగా వస్తే అప్పుడు నమ్మొచ్చు. వెంటనే ఫైళ్లన్నీ వేరే డిస్కు మీదికి తీసుకోవాలి, మళ్లీ తీయలేనివి ముందు.

లెక్కలో లేని సంగతి

రెయిడ్ ఆలోచనను ఊరూరా పాకించిన పత్రం 1988లో షికాగోలో జరిగిన ఒక సదస్సులో వెలువడింది. రాసినవాళ్లు బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ పాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్. ఐబీఎం అమ్మే ఖరీదైన పెద్ద డిస్కుకు బదులు పర్సనల్ కంప్యూటర్లలో వాడే 100 మెగాబైట్ల చౌక డిస్కులు బోలెడు కలిపి వాడితే ఎలా ఉంటుందన్నది వాళ్ల ప్రశ్న. అడ్డంకి కూడా వాళ్లే లెక్కగట్టారు. ఒక్కో డిస్కు సగటు ఆయుష్షు 30,000 గంటలైతే, వంద డిస్కుల గుంపులో సగటున 300 గంటలకు ఒకటి పోతుంది, అంటే రెండు వారాల లోపే. దానికి విరుగుడుగానే పారిటీ. ఆ లెక్క అడుగున ఒక ఊహ ఉంది: డిస్కులు దేని దారిన అవి, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పోతాయని.

దాదాపు ఇరవయ్యేళ్ల తర్వాత అదే గార్త్ గిబ్సన్, బియాంకా ష్రోడర్‌తో కలిసి పెద్ద కంప్యూటర్ కేంద్రాల్లోని లక్ష దాకా డిస్కుల రికార్డులు పరిశీలించాడు. 2007లో వచ్చిన ఆ పత్రం ప్రకారం తయారీదారుల లెక్కన ఏటా 1 శాతం లోపే పోవాల్సిన డిస్కులను నిజానికి 2 నుంచి 4 శాతం, కొన్నిచోట్ల 13 శాతం దాకా మార్చాల్సి వచ్చింది. అంతకంటే ముఖ్యం, అవి దేని దారిన అవి పోవడం లేదు. ఒకచోట డిస్కులు పోవడం మొదలైతే దగ్గరి రోజుల్లో ఇంకొన్ని పోయే అవకాశం పెరుగుతోంది. ఒకే గదిలో, ఒకే వేడిలో, ఒకే కరెంటు మీద, తరచు ఒకే బ్యాచ్‌వి, ఒకే రోజు నుంచి తిరుగుతున్నవి మరి. తన సొంత ఊహను తానే తిరగదోడి చూసినందుకు గిబ్సన్ మీద నాకు గౌరవం.

ఈ జంట మరణాల్లో కొన్ని నిజానికి ఆలస్యంగా బయటపడ్డ పాత జబ్బులు. ఎవరూ తెరవని ఫైలు కింద చెడిపోయిన సెక్టారు ఏళ్ల తరబడి తెలియకుండా ఉండిపోతుంది, మరో డిస్కు పోయి రీబిల్డ్ కోసం అంతా చదవాల్సి వచ్చిన రోజున బయటపడుతుంది. అందుకే డెబియన్ లాంటి లినక్స్‌లు నెలకోసారి, మొదటి ఆదివారం నాడు రెయిడ్ మొత్తాన్ని చదివించి సరిచూసేలా అమర్చి ఉంటాయి. పెట్టె ఆ రోజు నెమ్మదించిందని దాన్ని ఆపేసేవాళ్లున్నారు.

ఈ పద్ధతులన్నీ తిరిగే పళ్లేల డిస్కుల స్వభావం మీద ఆధారపడ్డవి, పైన రాసేదాకా పాత బిట్ చెక్కుచెదరదన్న నమ్మకం మీద. డిస్కు లోపల నుంచి టక్కుటక్కుమని చప్పుడొస్తుంటే ఆ నమ్మకం కూడా చెల్లదు. చదివే తల దెబ్బతిని పళ్లేన్ని గీరుతోందేమో, ప్రతి నిమిషం కరెంటూ ఇంకొంత డేటాను దుమ్ముగా మారుస్తుంది. వెంటనే ఆపి, దుమ్ములేని గదిలో డిస్కు విప్పగల ల్యాబుకు పంపడమే. ఎస్‌ఎస్‌డీల్లో చిక్కు ఇంకో రకం. అక్కర్లేని చోట్ల గురించి ఫైల్ సిస్టమ్ డిస్కుకు డిస్కార్డ్ అనే కబురు పంపుతుంది, ఎస్‌ఎస్‌డీ వాటిని తన తీరికను బట్టి తుడిచేసుకుంటుంది. రెండు ఎస్‌ఎస్‌డీలను జంటగా కట్టిన రెయిడ్ 1 మీద పొరపాటున ఈఎక్స్‌టీ4 ఫార్మాట్ నడిపితే, ఆ కమాండ్ అలవాటుగా మొదట చేసేది మొత్తం చోటుకు డిస్కార్డ్ పంపడమే. రెయిడ్ ఆ కబురును నమ్మకంగా రెండు డిస్కులకూ అందజేస్తుంది. అవి ఇక చాలావరకు సున్నాలే ఇస్తాయి, అడుగున చదవడానికి పాత బిట్లంటూ మిగలవు.